ట్వైఫర్డ్‌లో ఇల్లు చూసొచ్చాం, ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు కాస్త చెప్పరూ

స్లౌ_కోడలు:
అందరికీ నమస్కారం. మేం 2021లో ఇంగ్లండ్ వచ్చాం, అప్పట్నుంచి స్లౌలోనే అద్దెకుంటున్నాం. మావారి ఆఫీసు లండన్ ఫారింగ్‌డన్‌లో, వారానికి మూడ్రోజులు తప్పకుండా వెళ్ళాలి. నాది రెడింగ్‌లో ల్యాబ్ ఉద్యోగం, షిఫ్టులుంటాయి. పాపని వచ్చే సెప్టెంబర్‌లో బడిలో రిసెప్షన్ క్లాసులో చేర్చాలి. ఇద్దరికీ మధ్యలో పడే ఊరేదా అని మ్యాప్ ముందేసుకుని వెతికితే ట్వైఫర్డ్ తగిలింది. పోయిన శనివారం ఒక త్రీ బెడ్ సెమీ (ఒక పక్క గోడ పక్కింటితో కలిసుండే ఇల్లు) చూసొచ్చాం, 1960ల్లో కట్టిన ఇల్లు, స్టేషన్‌కి పన్నెండు నిమిషాల నడక, 525 వేల పౌండ్లు చెప్తున్నారు. వెనకాల పొలాలు, పొలాలకవతల లోడన్ నది. పాప ఆ పెరట్లోంచి కదలనని ఒకటే ఏడుపు.

ఏజెంట్ ఏమన్నాడంటే, మీరు ఫస్ట్ టైమ్ బయ్యర్లు కదా, 500కి బేరం తెగితే స్టాంప్ డ్యూటీ 10 వేలతో సరిపోతుంది అన్నాడు. మాకు మియాపూర్‌లో ఒక ఫ్లాట్ ఉంది, ఇద్దరి పేరు మీదా, అద్దెకిచ్చాం, కానీ ఈ దేశంలో కొనడం ఇదే మొదలు. ట్రైన్లు, స్కూలు, వరద భయం, అన్నిటికంటే ముఖ్యంగా మన లాంటివాళ్ళకి అలాంటి ఊళ్ళో రోజు గడుస్తుందా, ఇవన్నీ తెలిసినవాళ్ళు చెప్పండి. మా అత్తగారు ఏడాదిలో ఆర్నెల్లు మా దగ్గరే ఉంటారు.

లోడన్_గట్టు:
అమ్మా, నేను ట్వైఫర్డ్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నానండి, మాది కాకినాడ. ముందు ట్రైన్ల గురించి చెప్తాను. మీవారికి ఇంతకంటే కలిసొచ్చే ఊరు లేదు, ఎలిజబెత్ లైన్ ఎక్కితే మారకుండా నేరుగా ఫారింగ్‌డన్‌లో దిగిపోవచ్చు. 2022 నవంబర్‌కి ముందు ఈ వెసులుబాటు లేదు, ప్యాడింగ్టన్‌లో దిగి మళ్ళీ ట్యూబ్ పట్టుకోవాల్సొచ్చేది. కాకపోతే అది దాదాపు అన్ని స్టేషన్లలోనూ ఆగుతూ పోతుంది, టైమ్ పడుతుంది, పొద్దున సీటు మాత్రం దొరుకుతుంది. తొందరుంటే జీడబ్ల్యూఆర్ ఫాస్ట్ ట్రైన్లో అరగంటకి అటూ ఇటూగా ప్యాడింగ్టన్ చేరి అక్కడ మారొచ్చు. మీకైతే రెడింగ్ ఒక్క స్టేషనే.

ఒకటి గుర్తుంచుకోండి, మా దగ్గర లండన్ ప్రయాణాల ఆయిస్టర్ కార్డు పనిచెయ్యదు, వెస్ట్ డ్రేటన్ దాకే. బ్యాంకు కార్డుతో ట్యాప్ చేసుకోవాలి. జూలై మొదట్లో హెన్లీ రెగట్టా (పడవ పందేలు) వారం వచ్చిందంటే చిన్న బ్రాంచ్ ట్రైన్ ఎక్కే జనంతో ప్లాట్‌ఫాం కిక్కిరిసిపోతుంది, ఆ వారం ఇంటి నుంచి పని పెట్టుకోమనండి.

ఏజెంట్లు చెప్పే నడక నిమిషాలు నమ్మకండి. మంగళవారం పొద్దున ఏడింటికి ఆ ఇంటి గుమ్మం దగ్గర్నుంచి మీరే నడిచి చూడండి, ఇద్దరూ బ్యాగులు తగిలించుకుని, పాప చెయ్యి పట్టుకుని.

ఓరుగల్లు_బిడ్డ:
అక్కా, ట్రైన్ల ముచ్చట తర్వాత, ముందుగాల ఆ మియాపూర్ ఫ్లాట్ సంగతి చూస్కో. ఇక్కడ ఫస్ట్ టైమ్ బయ్యర్ అంటే ఈ దేశంల మొదటిసారి అని కాదు, ప్రపంచంల యాడ గూడ నీ పేరు మీద ఇల్లు ఎన్నడూ ఉండి ఉండొద్దు. మీ ఇద్దర్ల ఒక్కరికున్నా ఆ రిలీఫ్, అంటే పన్ను తగ్గింపు, పోయినట్టే. ఆ ఏజెంట్‌కు తెల్వదో, అడగలేదో.

అంతటితోని అయిపోలే. ఇంకో ఇల్లు ఉండంగ కొంటున్నరు కాబట్టి మొత్తం ధర మీద 5 శాతం సర్‌చార్జ్ గూడ పడ్తది. లెక్క చెప్తున్న చూడు. 125 వేల దాక సున్న, ఆడికెల్లి 250 దాక 2 శాతం అంటే 2,500, ఆపైన 925 దాక 5 శాతం. 500 వేల ఇంటికి మామూలుగనైతే 15 వేలు. దానిమీద సర్‌చార్జ్ 25 వేలు. మొత్తం 40 వేలు. ఆయన జెప్పిన 10 వేలు యాడ, ఈ 40 వేలు యాడ. 525కే కొన్నరనుకో, 42,500.

నాకెట్ల తెలుసంటే నా నెత్తి మీద పడ్డది కాబట్టి. 2022ల బేసింగ్‌స్టోక్‌ల 410 వేలకు కొన్న. హన్మకొండ ఇల్లు మా బాపు ఎన్నడో నా పేరు మీద రాయించిండు, అది నా ఇల్లని నేను ఎన్నడూ అనుకోలే, ఆయన కట్టిన ఇల్లు ఆయనుంటున్న ఇల్లు. ఎక్స్‌ఛేంజ్‌కు, అంటే కాంట్రాక్టు ఖాయం చేస్కునే రోజుకు, వారం ముందు సొలిసిటర్ (లాయర్) ఫోన్‌ల ఒక్క మాట అడిగింది, ఇండియాల ఏమన్న ఉన్నయా అని. అప్పుడు సర్‌చార్జ్ 3 శాతమే, 2024 అక్టోబర్ 31 నుంచి 5 అయింది. గా 3 శాతానికే 12,300 పౌండ్లు ఎక్స్‌ట్రా కట్టిన. ఇంట్ల సోఫా కొననీకి ఏడాది పట్టింది. ఖాళీ ప్లాట్లు, వ్యవసాయ భూములు ఉంటే పర్వాలేదు, అవి ఇల్లు కిందికి రావు.

స్లౌ_కోడలు:
చదివిన దగ్గర్నుంచి గుండె దడగా ఉంది. మేం దాచుకున్నదంతా డిపాజిట్‌కే లెక్కేసుకున్నాం, ఇంకో 30 వేలు ఎక్కడ్నుంచి తేవాలి? ఆ ఫ్లాట్ మావారి పేరు మీద నుంచి నా పేరుకి మార్చుకుంటేనో, లేకపోతే అత్తగారి పేరు మీద పెడితేనో ఏమైనా తగ్గుతుందా? లేదా ఇక్కడ కొన్నాక నిదానంగా అమ్మేస్తే వెనక్కిస్తారా?

వడ్డీ_లెక్కలు:
నేను అకౌంటెంట్‌ని, లండన్‌లో ప్రాక్టీసు. ఇక్కడ చెప్పేది సొలిసిటర్ దగ్గర ఒకసారి ఖాయం చేసుకోండి, కానీ దారి ఇదీ.

భార్యాభర్తల మధ్య మార్చుకుంటే లాభం లేదు, ఇద్దరినీ ఒక్కరిగానే చూస్తారు. ఎవరి పేరున్నా ఇద్దరిదీ అయినట్టే. సర్‌చార్జ్ లెక్క కంప్లీషన్ రోజు (ఇల్లు మీ చేతికొచ్చే రోజు) ముగిసే సమయానికి మీ చేతిలో ఇంకో ఇల్లు ఉందా లేదా అన్నదాని మీద. ఆ రోజుకి మియాపూర్ ఫ్లాట్ రిజిస్ట్రేషన్ సహా వేరేవాళ్ళ పేరు మీదకి పోయి ఉంటే 5 శాతం పడదు. అగ్రిమెంటు రాసుకున్నాం, అడ్వాన్సు తీసుకున్నాం అంటే కుదరదు. ఫస్ట్ టైమ్ రిలీఫ్ మాత్రం ఇక రాదు, ఒకసారి ఉన్నది ఉన్నట్టే.

కొన్నాక అమ్మితే వాపసు అన్నది అందరికీ కాదు. అమ్మే ఇల్లు, ఇక్కడ కొనడానికి ముందు మూడేళ్ళలో ఎప్పుడో మీరు కాపురమున్న సొంత ఇల్లయి ఉండాలి. మీరు 2021 నుంచి ఇక్కడే ఉన్నారు, అది అద్దెకిచ్చారు. కాబట్టి రాదు.

అత్తగారికి గిఫ్ట్ డీడ్ రాయొచ్చు, నిజంగా ఇచ్చేస్తే చెల్లుతుంది. కానీ చాలామంది మర్చిపోయేది ఒకటుంది. మీరు ఇక్కడ రెసిడెంట్లు. డబ్బు చేతికి రాకపోయినా ఆ రోజు మార్కెట్ ధరకి అమ్మినట్టే లెక్కగట్టి ఇక్కడ క్యాపిటల్ గెయిన్స్ (పెరిగిన ధర మీద పన్ను) వేస్తారు. ఒక్కొక్కరికి 3,000 పౌండ్లు మినహాయింపు, ఆపైన మీ ఆదాయాన్ని బట్టి 18 శాతమో 24 శాతమో. మియాపూర్‌లో ఎప్పుడు కొన్నారో, ధర ఎంత పెరిగిందో చూసుకోండి.

నా సలహా అమ్మడమే. ఎన్నారై అమ్ముతుంటే కొనేవాడు టీడీఎస్ పట్టుకోవాలి, లోయర్ డిడక్షన్ సర్టిఫికెట్ ముందే తెచ్చుకుంటే అనవసరంగా పెద్ద మొత్తం ఇరుక్కోదు. అక్కడ కట్టిన పన్నుకి ఇక్కడ క్రెడిట్ దొరుకుతుంది. డబ్బు ఇండియాలోని మీ ఎన్ఆర్ఓ (ఎన్నారై) ఖాతాలోంచి తెచ్చుకోవడానికి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా అనుమతి ఉంది, సీఏ కాగితాలు కావాలి. ఇక్కడి సొలిసిటర్‌కి ఆ డబ్బు ఎక్కడ పుట్టి ఎలా వచ్చిందో ప్రతి మెట్టూ చూపించాలి, సేల్ డీడ్ కాపీతో సహా. వీటన్నిటికీ కలిపి మూడు నాలుగు నెలలు తక్కువ వేసుకోకండి.

హౌన్స్‌లో_అన్న:
నా మాట కొంచెం వేరేగా ఉంటుంది, ఏమనుకోకండి. అసలు ఆ ఊరికి ఎందుకమ్మా? అదే డబ్బుకి హౌన్స్‌లోలోనో హేస్‌లోనో టెర్రస్ (వరసగా అతికి కట్టిన) ఇల్లొస్తుంది, అది చిన్నదే ఒప్పుకుంటాను. కానీ రాత్రి తొమ్మిదింటికి కరివేపాకు అయిపోతే ఎదురు షాపులో దొరుకుతుంది. పక్కింట్లో గుంటూరు వాళ్ళు, పై వీధిలో నెల్లూరు వాళ్ళు. మా నాన్నగారికి పోయినేడాది రాత్రిపూట ఛాతీ నొప్పొచ్చింది, నేను ఆఫీసు పని మీద మాంచెస్టర్‌లో ఉన్నాను, అంబులెన్సు వచ్చేలోపు పక్కింటి అమ్మాయి వచ్చి నాన్న పక్కన కూర్చుని తెలుగులో ధైర్యం చెప్పింది, ఫోన్లో వాళ్ళడిగేవన్నీ ఈయనకి చెప్పి ఈయన చెప్పేది వాళ్ళకి చెప్పింది. పెరడు ఎంత పెద్దదైతే ఏం, ఆ అమ్మాయి లాంటి మనిషి దొరుకుతుందా? అత్తగారు ఆర్నెల్లు ఉంటారంటున్నారు, పగలంతా ఒక్కరే. ఆలోచించండి.

విశాఖ_అలలు:
అన్నయ్యగారు చెప్పింది నిజం, కాదనను. నేను చోల్సీలో ఉంటాను, ట్వైఫర్డ్ కంటే చాలా చిన్న ఊరు, రెడింగ్ దాటి ఇంకా లోపలికి. అగాథా క్రిస్టీ సమాధి మా ఊరి చర్చి పక్కనే ఉంది. ఇక్కడికొచ్చి ఏడేళ్ళు.

మొదటి చలికాలం నేను ఏడవని వారం లేదు. నాలుగింటికి చీకటి, మా సందులో వీధిలైట్లు లేవు, స్టేషన్ నుంచి ఫోన్ టార్చి పట్టుకుని నడుస్తుంటే కంచె పక్కన ఏదో కదిలితే గుండె ఆగినంత పనయ్యేది, చూస్తే అడవికోడి. మా అమ్మ వచ్చినప్పుడు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది, ఇక్కడ మనుషులే కనపడరేంటే అనేది. ఆదివారం బస్సు లేదు, ఆవిడకి కారు రాదు.

మారింది ఎలాగంటే అలాట్‌మెంట్ వల్ల, అంటే కూరగాయలు వేసుకోవడానికి ఊళ్ళోవాళ్ళకి ఇచ్చే మడి. మన పంచాయతీ లాంటి ఊరి పారిష్ కౌన్సిల్ దగ్గర పేరు రాయించుకుంటే ఏడాదిన్నరకి సగం మడి ఇచ్చారు. అమ్మ ఆ ఎండాకాలం వచ్చి చుక్కకూర వేసింది, గోంగూర మాత్రం గాజు షెడ్డులో పెడితేనే బతికింది. పక్క మడి ఒక పెద్దాయనది, ఎనభై దాటాయి, భార్య పోయింది. ఆయనకి తెలుగు రాదు, అమ్మకి ఇంగ్లీషు రాదు. ఆయన చిక్కుడు కాయలు ఒక బకెట్‌లో వేసి మా మడి గట్టు మీద పెట్టి వెళ్ళేవాడు, అమ్మ అదే బకెట్‌లో చుక్కకూర పెట్టి పంపేది, నేను ఎలా వండాలో కాగితం మీద రాసేదాన్ని. ఆ ఆర్నెల్లూ ఆ బకెట్ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. అమ్మ వెళ్ళిపోయాక ఒకరోజు ఆయన మా తలుపు కొట్టి ఆవిడ మళ్ళీ ఎప్పుడొస్తుంది అని అడిగాడు.

దీపావళికి చట్టప్రకారం రాత్రి ఒంటిగంట దాకా టపాసులు కాల్చుకోవచ్చు. కానీ మా వెనకాల గుర్రాల దొడ్డి. మొదటేడు రెండ్రోజుల ముందే చుట్టూ పధ్నాలుగు ఇళ్ళకి చీటీ రాసి తలుపుల్లోంచి వేశాను, ఫలానా పండగ, ఏడున్నర నుంచి ఎనిమిది దాకా కాలుస్తాం, శబ్దం లేనివే తెచ్చాం అని. ఇప్పుడు ఆ గుర్రాలావిడే అక్టోబర్‌లో అడుగుతుంది ఈసారి ఏ రోజు అని.

చెప్పొచ్చేదేంటంటే మనుషులు దొరుకుతారు, కానీ హౌన్స్‌లోలో లాగా వాళ్ళంతట వాళ్ళు రారు, మనమే వెళ్ళాలి, ఏడాది రెండేళ్ళు పడుతుంది. ఆ ఓపిక మీకుందా, అత్తగారికుందా అన్నది మీరే చూసుకోవాలి.

కడప_కుర్రోడు:
అక్కా, వరద సంగతి ఎవరూ చెప్పినట్లు లేరు. పొలాలకవతల నది అన్నారు కదా, గవర్నమెంట్ సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే ఆ ఇంటికి వరద రిస్క్ ఎంతుందో చెప్తుంది, నది నుంచి వేరేగా, వాన నీళ్ళు నిలిచేది వేరేగా చూపిస్తుంది. రెండూ చూడండి. ఇన్సూరెన్స్ కొటేషన్ ఆఫర్ పెట్టక ముందే తీసుకోండి, అందులోనే తెలిసిపోతుంది. 2016 నుంచి ఫ్లడ్ రీ అని స్కీము ఉంది, రిస్క్ ఉండే ఇళ్ళకి ప్రీమియం అందుబాటులో ఉండేలా చేసేది, 2039 దాకా నడుస్తుంది. కానీ 2009 జనవరి 1 నుంచి కట్టిన ఇళ్ళకి వర్తించదు. మీది 1960లది కాబట్టి ఆ భయం లేదు.

నేను కొన్నది న్యూ బిల్డ్, కొత్తగా కట్టినది. రోడ్డు కౌన్సిల్ తీసుకోలేదు, గడ్డి కోసేదానికి, లైట్లకి అని ఏటా ఎస్టేట్ చార్జ్ కడుతున్నాం, ఏటా పెంచుతూనే ఉండారు. ఫ్రీహోల్డ్ (నేలతో సహా సొంతం) అంటే ఇంక ఏమీ ఉండదనుకున్నాం, కాగితాల్లో నలభయ్యో పేజీలో రాసుంది, మేం చదవలేదు. పాత ఇల్లు తీసుకుంటే ఇది తప్పుతుంది, కానీ సర్వే (ఇంటి తనిఖీ) తప్పనిసరి, లెవెల్ 2 అన్నా చేయించండి, మార్పులు బాగా చేసిన ఇల్లయితే లెవెల్ 3. సీలింగ్ గరుకుగా డిజైన్ పోసినట్లుంటే అది ఆర్టెక్స్, ఆ కాలం దాంట్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గోకొద్దు, శాంపిల్ తీసి టెస్ట్ చేయిస్తారు.

చౌకగా వస్తుందని ఇంకా లోపలి ఊళ్ళకి పోవద్దు. అక్కడ చాలాచోట్ల గ్యాస్ లైన్ ఉండదు, ఆయిల్ ట్యాంకు నింపించుకోవల్ల, డ్రైనేజ్ కూడా సెప్టిక్ ట్యాంకే. ఆ ట్యాంకు నీళ్ళు నేరుగా వాగులోకి వదిలేది 2020 నుంచి కుదరదు, మార్పించాలంటే వేలల్లో పని.

లోడన్_గట్టు:
వరదకి నేనొక మాట కలుపుతానండి. లోడన్ పక్క గడ్డి మైదానాలు చాలా చలికాలాల్లో మునుగుతాయి, అది ఆ నేల స్వభావం. 2014 మొదట్లో, మళ్ళీ 2024 జనవరిలో థేమ్స్ పొంగినప్పుడు మేం చూశాం, సోనింగ్ వంతెన వైపు రోడ్డు మీదకి నీళ్ళొస్తే జనమంతా చుట్టు తిరిగి వెళ్ళాల్సిందే. కానీ ఊళ్ళో ఒక వీధికి ఇంకో వీధికి ఎంతో తేడా. నాలుగు రోజులు ముసురు పట్టి తెరిపిచ్చిన మర్నాడు వెళ్ళి ఆ పెరటి చివర నిలబడి చూడండి, పక్కింటివాళ్ళని అడగండి. ఇక్కడివాళ్ళు అడిగితే ఉన్నదున్నట్టు చెప్తారు.

అత్తగారి సంగతి. హౌన్స్‌లో అన్నగారూ, ట్వైఫర్డ్ చోల్సీ అంత చిన్నది కాదండి, స్టేషన్ ఉంది, నడిచే దూరంలో వెయిట్‌రోజ్ సూపర్‌మార్కెట్ ఉంది, కెమిస్టు, డాక్టరు క్లినిక్, లైబ్రరీ ఉన్నాయి. మన సరుకులకి రెడింగ్ పది నిమిషాల లోపే. తెలుగువాళ్ళం కొన్ని కుటుంబాలమే ఉన్నాం, కానీ ఉన్నాం.

ఓరుగల్లు_బిడ్డ:
స్కూల్ ముచ్చట మర్చిపోకుండ్రి. రిసెప్షన్ అప్లికేషన్ జనవరి 15 దాక, ఏప్రిల్ 16న చెప్తరు. అప్పటికి మీరు యాడుంటే ఆ అడ్రసే లెక్క. ఇల్లు కొంటున్నం అంటే సరిపోదు, ఎక్స్‌ఛేంజ్ అయిన కాగితం అడుగుతరు. ఇంకోటి, ఈ దేశంల ఆఫర్ ఒప్పుకున్నా ఎక్స్‌ఛేంజ్ దాక ఎవరి మీద ఎవరికీ కట్టుబాటు లేదు. మధ్యల ఇంకెవడో ఐదు వేలు ఎక్కువ చెప్తే అమ్మేటాయన మీకు సారీ చెప్పి పోతడు, సర్వేకు, సొలిసిటర్‌కు పెట్టిన పైసలు మునుగుతయి.

స్లౌ_కోడలు:
ఐదు వారాలైంది, చెప్పకుండా మాయమైపోతే బాగోదని రాస్తున్నాను.

మంగళవారం పొద్దున ఏడింటికి నడిచాం. పన్నెండు కాదు, పాపతో పంతొమ్మిది నిమిషాలు. వాన వెలిసిన మర్నాడు కూడా వెళ్ళాం. పెరటి చివర నేల మెత్తగా ఉంది కానీ నీళ్ళు లేవు, పక్కింటావిడ కంచె దగ్గరకొచ్చి పొలం దాకా వస్తాయి, నేనొచ్చాక ఎప్పుడూ కంచె దాటలేదు అంది. ఇల్లు ఇంకా నచ్చింది. అత్తగారు వీడియోలో చూసి గుమ్మం పడమరే కదా, పర్లేదులే, వంటిల్లు ఆగ్నేయంలో పడింది అని సంతోషపడ్డారు.

మియాపూర్ ఫ్లాట్ అమ్మకానికి పెట్టాం. ఆ విషయం మీద ఇంట్లో రెండ్రోజులు మాటల్లేవు. మావారు మొదటి జీతం నుంచి ఈఎమ్ఐ కట్టిన ఇల్లది, ఎప్పటికైనా వెనక్కెళ్తే ఉండటానికి అని. చివరికి ఆయనే బ్రోకర్‌కి ఫోన్ చేశారు. బేరాలు వస్తున్నాయి కానీ రిజిస్ట్రేషన్ అయి డబ్బు ఇక్కడికి చేరేసరికి వేసవి అవుతుంది. అమ్మేవాళ్ళని ఆగమని అడిగాం, వాళ్ళు చెయిన్‌లో ఉన్నారు, అంటే ఇది అమ్మి వాళ్ళూ ఇంకోటి కొనాలి, ఆగలేమన్నారు. ఆ ఇల్లు పోయింది. పాపకి ఇంకా చెప్పలేదు.

అందుకని ఇప్పుడు కొనడం ఆపి, ట్వైఫర్డ్‌లోనే స్టేషన్ దగ్గర రెండు గదుల ఇల్లు ఏడాదికి అద్దెకి తీసుకున్నాం. స్లౌ కంటే నెలకి కొంచెం ఎక్కువే. జనవరి 15కి అడ్రసు అక్కడిదే ఉంటుంది, అత్తగారు ఒక చలికాలం అక్కడ ఉండి చూస్తారు, ఫ్లాట్ డబ్బు వచ్చాక సర్‌చార్జ్ లేకుండా వెతుక్కుంటాం. విశాఖ_అలలు గారూ, అలాట్‌మెంట్‌కి అద్దెకున్నవాళ్ళు పేరు రాయించుకోవచ్చా?

విశాఖ_అలలు:
రాయించుకోవచ్చు, ఊళ్ళో ఉంటే చాలు, మా దగ్గర అయితే అంతే. తాళాలు తీసుకున్న రోజే పారిష్ కౌన్సిల్‌కి మెయిల్ పెట్టండి, ఎదురుచూపు పొడుగు.

హౌన్స్‌లో_అన్న:
మంచి పని చేశారమ్మా, ఉండి చూసి కొనుక్కోండి. అత్తగారి మంచం పక్కన ఎమర్జెన్సీ నంబర్లు, ఆవిడ మందుల పేర్లు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించండి. ఎదురింటివాళ్ళకి మీ నంబరు ఇవ్వండి, మొదటి వారంలోనే.

లోడన్_గట్టు:
మా వీధికి రెండు వీధులవతలే అనుకుంటానండి. ఎప్పుడు దిగుతున్నారో చెప్పండి, స్టేషన్ దగ్గర వ్యాను ఆపడానికి చోటు దొరకదు, మా వాకిట్లో పెట్టుకుందురుగాని. ఆ రోజు పొయ్యి వెలిగించుకోవద్దు, భోజనం మా ఇంట్లో. మా ఆవిడ కరివేపాకు మొక్క ఒకటి కుండీలో తీసి పెట్టింది మీకోసం, దాన్ని మార్చి దాకా కిటికీ లోపలే ఉంచాలట.

స్లౌ_కోడలు:
29వ తారీఖు శనివారం, పదింటికల్లా. నలుగురం వస్తాం, అత్తగారు ఉల్లిపాయ తినరు.